మా అక్క ఎడమ కనురెప్ప

మా అక్క కళ్ళంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు. అవి నాకేం అపకారం చెయ్యలేదు. పెద్దవిగా, నల్లగా, అప్పుడే ఏదో మంచి కబురు విన్నట్టుగా ఉంటాయి, అంతే. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆమె గడ్డం పట్టుకుని "ఎంతేసి కళ్ళమ్మా నీకు" అనేవారు. తర్వాత మర్యాద కోసం నా వైపు తిరిగి, నువ్వేం చదువుతున్నావని అడిగేవారు. నేనేం చదువుతున్నానో ఏళ్ళ తరబడి మా బంధువులందరికీ విడివిడిగా చెప్పాను. నా కళ్ళ గురించి మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అద్దంలో చూసుకుంటే అవీ కళ్ళలాగే కనిపించేవి.

నాన్న తెనాలి నుంచి సికింద్రాబాద్ వచ్చి స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం. ఆమె నాకంటే మూడేళ్ళు పెద్దది. పెళ్ళిచూపుల్లో ఆమెని చూసిన మొదటివాడే ఒప్పుకున్నాడు. ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఏ.ఎస్. రావు నగర్లో సొంత ఇల్లు, గట్టిగా మాట్లాడటం కూడా రాని మనిషి. నన్ను నలుగురు చూసి వెళ్ళిన తర్వాత, అయిదోసారి చూపుల కోసం ఫొటో దిగడానికి స్టూడియోకి వెళ్ళి, ఆ ఫొటో తీసినవాణ్ణే చేసుకున్నాను. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది, ఆ కళ్ళతో. అప్పుడు కూడా అందరూ ఆమెనే చూస్తారు.

మా ఆయన స్టూడియో రెజిమెంటల్ బజార్లో ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, స్కూలు కార్డులు, పెళ్ళిళ్ళు, బారసాలలు. ఆయన తీస్తాడు, నేను వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని టచప్ చేస్తాను. మొటిమలు తీసేస్తాను, చెమట మెరుపు తగ్గిస్తాను, చెదిరిన వెంట్రుకలు సర్దుతాను. ఎవరికైనా ఒక కన్ను చిన్నగా, మూసుకున్నట్టు పడితే దానికి మా పనిలో ఒక పద్ధతుంది. బాగా పడిన కంటిని కత్తిరించి, అటుది ఇటు తిప్పి, రెండో వైపు అతికించేస్తాం. అలా తిప్పినప్పుడు నల్లగుడ్డులో మెరిసే లైటు చుక్క తప్పు పక్కకి పోతుంది. తొందర పనివాళ్ళు దాన్ని అలాగే వదిలేస్తారు. నేను వదలను. చుక్కని మళ్ళీ ఉండాల్సిన చోట పెడతాను. అందుకే నా పని ఎవరూ పట్టుకోలేరు.

రెండేళ్ళ కిందట అక్కావాళ్ళ పాతికేళ్ళ పెళ్ళిరోజు జరిగింది. సాయంత్రం ఫంక్షన్ హాల్లో విందు, మూడొందల మంది, స్టేజీ మీద రెండు సింహాసనాల్లాంటి కుర్చీలు. ఫొటోలు మా స్టూడియోవే. ఆమె గంధం రంగు పట్టుచీర కట్టుకుంది. నేనూ పట్టుచీరే కట్టుకున్నాను. దాని రంగేమిటో ఆ రోజు వచ్చినవాళ్ళలో ఎవరికీ గుర్తుండదని పందెం కాస్తాను.

మరుసటి వారం ఆ ఫొటోలు నా ముందుకొచ్చాయి. దండలు మార్చుకుంటున్న ఫొటో తెరిచి, అలవాటు ప్రకారం అక్క మొహాన్ని పెద్దది చేశాను. ఎడమ రెప్ప కిందికి జారి ఉంది. నల్లగుడ్డు పై అంచుని కప్పేసింది. రెప్ప వేస్తుండగా పడిందేమో అనుకుని తర్వాతి ఫొటో తెరిచాను. అందులోనూ అంతే. కేకు కోసినప్పుడు కొంచెం, బంధువులు వరసగా వచ్చి నిలబడినప్పుడు ఇంకొంచెం, ఆఖర్న భోజనాల దగ్గరకొచ్చేసరికి సగం కన్ను లేదు. నూట పన్నెండు ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినడం కూడా మర్చిపోయాను.

దాచడం ఎందుకు, నాకు సంతోషమేసింది. ఎండలో తిరిగొచ్చి చన్నీళ్ళు తాగినట్టు కడుపులో చల్లబడింది. ఆ మొహంలో ఒక తేడా, ఆ కళ్ళలో ఒక లోటు, అదీ నేను పెట్టింది కాదు. దానంతట అదే వచ్చింది.

మరి ఎందుకు సరిచేశానంటారా? అలాగే వదిలేసి ఆల్బం ఇస్తే నలుగురూ చూసి అయ్యో అంటారు. ఆ అయ్యోలన్నీ మళ్ళీ ఆమెకే పోతాయి. బావగారు ఆమెని చెయ్యి పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిప్పుతారు, అందరూ ఫోన్లు చేసి పలకరిస్తారు. వద్దు. ఆ రెప్ప సంగతి నాకొక్కదానికే తెలియాలి. కుడికన్ను కత్తిరించి, తిప్పి, ఎడమ వైపు అతికించాను. లైటు చుక్కలు కూడా పద్ధతిగా పెట్టాను. ఆల్బం చూసి అక్క ఫోన్ చేసి, నన్ను ఎంత బాగా చేశావే అంది. నీ మొహమే అంత, నేను చేసిందేముంది అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా పెదాల మీద నవ్వు నాకే తెలిసింది.

మా ఆయన కెమెరాలోంచి చూసిన మనిషి కాబట్టి ఆయనకీ అనుమానం వచ్చింది. "మీ అక్క ఎడమ కన్ను జెర కిందికి పడ్డట్టుంది. ఏందో తక్లీఫ్ ఉన్నట్టుంది, చెప్పినవా?" అన్నాడు. చెప్తాలే అన్నాను. ఇంకోసారి అడిగాడు. చెప్పానన్నాను. ఆయనకి నేను అబద్ధం చెప్పడం అలవాటు లేదు కనక నమ్మాడు.

ఫోన్లో వెతికి చూశాను కూడా. రెప్ప వాలడానికి కారణాలు చాలానే రాశారు. వయసుతోపాటు రెప్పని పైకి పట్టి ఉంచే కండరం సాగిపోతుందట. ఏళ్ళ తరబడి లెన్సులు పెట్టుకునేవాళ్ళకి, కంటి ఆపరేషన్ అయినవాళ్ళకి, అస్తమానం కళ్ళు నులుముకునేవాళ్ళకి అలా అవుతుందట. కొందరికి పుట్టుకతోనే ఉంటుందట. ఇంకా కిందికి పోతే నరాలు, మెదడు, ఛాతీ అని ఏవేవో కనిపించాయి. నేను కిందికి పోలేదు. వయసు దగ్గర ఆగిపోయాను. అక్కకి వయసు మీద పడుతోందన్న ఒక్క ముక్క చాలు నాకు, దాంతో రెండేళ్ళు హాయిగా బతికాను.

ఆ తర్వాత వాళ్ళింట్లో ఏ ఫొటోలు తీసినా నేను ఆత్రంగా ఎదురుచూసేదాన్ని. శ్రావణమాసంలో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు, పొద్దున్నే. ఫొటోలు రాగానే మొహం పెద్దది చేశాను. రెండు కళ్ళూ సమానంగా, నిండుగా, నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉన్నాయి. చెప్పుకుంటే సిగ్గు, నాకు నీరసం వచ్చేసింది. రెండు నెలలకి మా బాబాయి కూతురి రిసెప్షన్ అయింది, సాయంత్రం. అందులో రెప్ప మళ్ళీ వాలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున బాగుండి సాయంత్రం వాలడమేమిటని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే చాలు. కాని నేను ఆలోచించడానికి చూడటం లేదు, సంబరపడటానికి చూస్తున్నాను. ప్రతిసారీ సరిచేసే పంపాను. సరిచెయ్యక ముందరి ఫొటోలు పారెయ్యలేదు. వాటిని విడిగా ఒక ఫోల్డర్లో దాచుకుని, మనసు బాగోలేని రోజున తెరిచి చూసుకునేదాన్ని.

ఈ రెండేళ్ళలో ఆమెలో ఇంకొన్ని మార్పులు వచ్చాయి. సాయంత్రం ఫోన్ చేస్తే నాలుగు మాటలకే గొంతు ముక్కుతో మాట్లాడినట్టయి, తర్వాత చేస్తానని పెట్టేసేది. నాతో మాట్లాడటం నామోషీ కాబోలు అనుకున్నాను. మా అల్వాల్ ఇంటికి భోజనానికొచ్చి ఒక చపాతీ సగం తిని, దవడలు లాగుతున్నాయే అని పక్కన పెట్టింది. రాణీగారికి మా చపాతీలు గట్టిగా తగిలాయి అనుకున్నాను. టీవీ చూస్తూ ఎడమ కన్ను అరచేత్తో మూసుకునేది. అదీ ఒక అందమే అనుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఆమె ఏం చేసినా నా దగ్గర అర్థం సిద్ధంగా ఉండేది.

మొన్న ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే బావగారు ఫోన్ చేశారు. నిన్న సాయంత్రం నుంచి అక్కకి ప్రతిదీ రెండుగా కనిపిస్తోందట, ఎడమ కన్ను దాదాపు మూసుకుపోయిందట, ఆసుపత్రికి వెళ్తున్నాం రమ్మన్నారు. ఆయన గొంతు వణికింది. నా భర్త గొంతు నా గురించి ఎప్పుడైనా అలా వణికిందా అని ఆలోచిస్తూ ఆటో ఎక్కాను. ఆ వేళలో కూడా నా బుద్ధి అది.

నరాల డాక్టర్ ఒకావిడ, మా ఇద్దరికంటే చిన్నది, నెమ్మదిగా ఒక్కొక్కటీ అడిగింది. ఎప్పుడు మొదలైందంటే అక్క నిన్ననే అంది. ఆమెకి తెలిసినంతవరకు అది నిజమనే నేననుకున్నాను. సాయంత్రాలు ఎక్కువవుతుందా అని అడిగితే, అలసిపోతే ఎవరికైనా కళ్ళు వాలతాయి కదండీ అని నవ్వింది. నమలడం, మింగడం ఎలా ఉందంటే బాగానే ఉందంది. ఇంకొకరికి కష్టం చెప్పుకోవడం ఆమెకి రాదు. చపాతీ సంగతి నాకు తెలుసు. నేను నోరు మెదపలేదు.

డాక్టర్ టార్చి వేసి రెండు కంటిపాపలూ ఒకే సైజులో ఉన్నాయా అని చూసింది. ఉన్నాయి. రాత్రంతా నిద్రపోయి లేచింది కాబట్టి కాబోలు రెప్ప కూడా కొంచెం పైకి వచ్చి ఉంది. రెప్ప వాలడం చాలామందిలో పెద్ద విషయం కాదని, నెమ్మదిగా ఏళ్ళ మీద వచ్చినది వేరు, ఉన్నట్టుండి వచ్చినది వేరు అని చెప్పింది. ఉన్నట్టుండి వాలి, దాంతోపాటు విపరీతమైన తలనొప్పి గాని, రెండుగా కనిపించడం గాని, ఒక కంటిపాప పెద్దదో చిన్నదో అవడం గాని, మాట ముద్దవడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం గాని ఉంటే గంట కూడా ఆగకూడదంది. మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు, పక్షవాతం కావచ్చు. అందుకని వెంటనే స్కాన్ తీయిస్తానంది. చివర్న పాత ఫొటోలేమైనా ఉన్నాయా అని అడిగింది. మనిషి చెప్పేదాని కంటే ఫొటోలు నిజం చెప్తాయంది.

బావగారు గబగబా ఫోన్ తీశారు. పెళ్ళిరోజు ఫొటోలు, వ్రతం ఫొటోలు, రిసెప్షన్ ఫొటోలు, అన్నీ నేను చేసి పంపినవే. డాక్టర్ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, మెచ్చుకోలుగా తల ఊపింది. "రెండు కళ్ళూ ఇంత సమానంగా ఉన్నవాళ్ళని నేను చూళ్ళేదండీ. అయితే ఇది కొత్తగా వచ్చిందే" అంది.

గదిలో అందరూ అక్క వైపు చూశారు. నాలో రెండు ఒక్కసారే లేచాయి. ఒకటి భయం. ఇంకొకటి, చెప్తే మీరు నమ్మరు, ఆ మెచ్చుకోలు నాది, నా చేతి పని, అది కూడా ఆమె ఖాతాలోకే పోయిందన్న దుగ్ధ. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆ మాట వెనకాలే, మరి రెండేళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. స్కాన్ ఎలాగూ తీస్తున్నారు కదా, అందులో తేలుతుందిలే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

స్కాన్‌లో ఏమీ తేలలేదు. రక్తనాళాలన్నీ బాగున్నాయి. అక్కకి షుగర్ ఉంది కనక, దాని వల్ల కంటి నరానికి రక్తం సరిగ్గా అందక ఇలా అయి ఉండవచ్చని, అదే అయితే నెలల మీద దానంతట అదే తగ్గుతుందని, ఏ మాత్రం తేడా అనిపించినా వెంటనే రమ్మని చెప్పి డాక్టర్ ఇంటికి పంపింది. కొత్తగా వచ్చింది కాబట్టి షుగర్ అనుకుంది. కొత్తగా వచ్చిందని ఆవిడకి చెప్పింది నా ఫొటోలు. ఇది ఇంటికి తిరిగొచ్చే క్యాబ్‌లో కూర్చున్నాక నాకు పూర్తిగా అర్థమైంది. పక్క సీట్లో బావగారు అక్క తల తన భుజం మీద పెట్టుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం అయిదింటికి వాళ్ళింట్లో నేనే కాఫీ కలిపి ఇచ్చాను. అక్క డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. తల నిలబడక గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. రెండు గుక్కలు తాగింది. మూడో గుక్క లోపలికి పోలేదు. ముక్కులోంచి బయటికి వచ్చేసింది. దగ్గు మొదలైంది, దగ్గడానికి కూడా బలం చాలడం లేదు, గొంతులోంచి చిన్న చిన్న శబ్దాలు మాత్రం వస్తున్నాయి. బావగారు వీపు రాస్తున్నారు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది, కుడిది కూడా వాలుతోంది. ఊపిరి అందుకున్నాక ఆమె ముక్కుతో, ముద్దముద్దగా, "ఏం లేదే, పొలమారింది" అంది.

నా అసూయ నాకు బాగా తెలుసు. బుద్ధెరిగినప్పట్నుంచీ నాతో ఉంది. కాని అది ఆమె కళ్ళ మీద. ఆమె గొంతు మీద, ఊపిరి మీద నాకేనాడూ పగ లేదు. బావగారితో ఇప్పుడే, ఈ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాను. పొద్దున్నే కదా చూశారు అని ఆయన అంటుంటే, పొద్దున కాదు బావగారూ, సాయంత్రమే చూడాలి అన్నాను. నాకెలా తెలుసని ఆయన అడగలేదు. కారు తాళాలు వెతుక్కున్నారు.

నేను వరండాలోకి వచ్చి మా ఆయనకి ఫోన్ చేశాను. నా కంప్యూటర్లో అక్క పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, అది లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఆసుపత్రికి తెమ్మన్నాను. టచప్ చెయ్యనివా అని అడిగాడు. అవునన్నాను.

"అంటే నువ్వు చెప్పలే?" అన్నాడు.

లేదన్నాను. అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత "తెస్తున్న. పరేషాన్ గాకు" అని పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఎమర్జెన్సీలో అక్కని మంచం మీద కూర్చోబెట్టారు. పొద్దుటి డాక్టరే వచ్చింది. మంచానికి ఇవతల బావగారు, అవతల నేను, నా ఒళ్ళో లాప్‌టాప్. అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. ఆ ఫొటోలు నేను దిద్దినవి, కుడికన్ను తిప్పి ఎడమ వైపు పెట్టాను, అసలువి ఇవి అని తెరిచాను. డాక్టర్ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఫొటోల కింద తీసిన టైము ఉంటుంది. వాటిని అటూ ఇటూ మార్చి చూసింది. వ్రతం, పొద్దున తొమ్మిది, రెప్ప పైనే ఉంది. పెళ్ళిరోజు, సాయంత్రం ఏడు, కొంచెం దిగింది. అదే రోజు తొమ్మిదిన్నర, సగం దిగింది. రిసెప్షన్, రాత్రి ఎనిమిది, సగం. నేను రెండేళ్ళు ఒంటరిగా కూర్చుని సంబరపడిన ఫొటోల్ని ఆవిడ రెండు నిమిషాల్లో చదివేసింది. ఆ పక్కనుంచి అక్క కూడా, తెరిచి ఉన్న ఒక్క కంటితో, స్క్రీన్ వైపే చూస్తోంది.

డాక్టర్ వేలు పైకెత్తి దాన్నే చూస్తూ ఉండమంది. ఒక నిమిషం గడిచేసరికి కుడి రెప్ప కూడా మెల్లమెల్లగా జారింది. అప్పుడు నర్సుతో రబ్బరు గ్లవ్‌లో ఐసు ముక్కలు వేయించి, ఎడమ రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టించింది. తీసేసరికి రెప్ప పైకి లేచింది. కన్ను మొత్తం తెరుచుకుంది. నల్లగా, పెద్దగా, ఐసు నీళ్ళతో తడిసి మెరుస్తూ. "అబ్బ, మేడమ్ కళ్ళు ఎంత బాగున్నయో" అంది నర్సు.

అప్పుడు కూడా నాకు కుళ్ళు పుట్టింది. ఆ మంచం పక్కన, ఆ గదిలో, ఆమె ప్రాణం మీదికి తెచ్చింది నేనేనని తెలిసి కూడా. ఈ మాట రాయడానికి చాలా రోజులు పట్టింది.

దీన్ని మయస్థీనియా అంటారని డాక్టర్ చెప్పింది. కండరాలకి నరాల నుంచి అందాల్సిన ఆజ్ఞ సరిగ్గా అందదు, ఒంట్లోని రక్షణ శక్తే దాన్ని అడ్డుకుంటుంది. అందుకే విశ్రాంతి తీసుకుంటే బాగుంటుంది, వాడేకొద్దీ వాలిపోతుంది. తరచుగా రెప్పలతోనే మొదలవుతుంది. కొందరిలో అక్కడే ఆగుతుంది, కొందరిలో నమలడం, మింగడం, మాట, ఆఖరికి ఊపిరి దాకా పోతుంది. మందులున్నాయి, చాలామంది మామూలుగా బతుకుతారు, కాని ఈ రోజు మింగడం కష్టమైంది కాబట్టి ఇంటికి పంపనంది. రక్త పరీక్ష, ఛాతీకి ఇంకో స్కాన్, ఊపిరి బలం ఎంతుందో గంట గంటకీ చూడటం. రెండేళ్ళ కిందటే వచ్చి ఉంటే రెప్ప దగ్గరే మందులు మొదలుపెట్టేవాళ్ళమని అంది. నన్ను చూసి అనలేదు. కాగితం మీద రాసుకుంటూ అంది.

బావగారు అడ్మిషన్ కాగితాల కోసం కిందికి వెళ్ళారు. వెళ్ళే ముందు నా ఒళ్ళో లాప్‌టాప్ మూత మూసేశారు. మా ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఐసు ప్రభావం తగ్గి అక్క రెప్ప మళ్ళీ వాలిపోయింది.

క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె నాకా అవకాశం ఇవ్వలేదు. నెమ్మదిగా, మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది. రెండుగా కనిపించడం నిన్న మొదలైంది కాని, కన్ను బరువుగా ఉండటం చాలా రోజుల్నుంచీ ఉందట. అద్దంలో చూసుకుంటే పొద్దున బాగానే ఉండేదట. సాయంత్రం అనుమానం వస్తే బావగారిని అడిగేదట, ఆయన నీకేంటి మహారాణిలా ఉన్నావనేవారట. ఎవర్ని అడిగినా అదే మాటట.

"చిన్నప్పట్నుంచీ అందరూ నా మొహం చూసి పొగడటమేనే. నా కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయనీ, పంటికి కూర అంటుకుందనీ, ఆ చీర నాకు నప్పలేదనీ మొహం మీద చెప్పింది నువ్వొక్కదానివే. నాలో వంకుంటే నువ్వు ఊరుకోవు." ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు ఆల్బం ఇచ్చినప్పుడల్లా ఏమంటావా అని చూసేదాన్ని. నువ్వేమీ అనలేదు. అందుకే నాకేమీ లేదనుకున్నాను."

ఆమె చెయ్యి మంచం మీద తెరిచి పెట్టి ఉంది, నేను పట్టుకోవచ్చునో లేదో తెలియలేదు.

"ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది?" అంది, నా వైపు మొహం తిప్పి.

దగ్గరికి వంగి చూశాను. స్క్రీన్ మీద కాకుండా ఆ మొహాన్ని అంత దగ్గర్నుంచి చూసి ఎన్నేళ్ళయిందో. ఎడమది పూర్తిగా మూసుకుపోయిందక్కా, కుడిది కూడా కొంచెం వాలింది అని చెప్పాను. ఆమె సరేనని తల ఊపి, మిగిలిన ఆ కాస్త కన్ను కూడా మూసుకుంది.